గంటమ్మకు ఇంగ్లీషు రాదని తేలిన వైనం

ఆ బడిలో గంట కొట్టే ఆవిడకు కన్నవాళ్ళు ఏం పేరు పెట్టారో జీతాల రిజిస్టరుకు తప్ప మరెవరికీ గుర్తులేదు. పిల్లలకూ, పంతుళ్ళకూ, ఆఖరికి ఇంటి ఓనరుకూ ఆవిడ గంటమ్మే. గంటంటే నిగనిగలాడే ఇత్తడి గంటను ఊహించుకోకండి, అంత వైభోగం లేదు. వరండా చివర దూలానికి గొలుసుతో వేలాడదీసిన మూరెడు రైలు పట్టా ముక్క, దాన్ని బాదడానికి పిడికెడు లావు ఇనప బోల్టు. ఆ బోల్టు పందొమ్మిదేళ్ళుగా ఆవిడ చేతిలోనే ఉంది. బడి మొత్తానికి పనిచేసే గడియారం ఒక్కటే, అదీ వరండా ఆ చివర పెద్దమేడం గదిలో. గడియారం మొహం చూడకుండా గంట కొట్టకూడదని పెద్దమేడం గారి శాసనం. అంచేత ప్రతి పీరియడ్‌కూ ఐదు నిమిషాల ముందే గంటమ్మ స్టూలు మీంచి లేచి, ఆ చివరికి వెళ్ళి, గడియారం చూసి, ఈ చివరికి వచ్చి కొట్టాలి. రోజుకు ఎనిమిదిసార్లు. నిజానికి రెండేళ్ళు తిరిగేసరికే ఆవిడకు గడియారంతో పనిలేకుండా పోయింది, టైము ఒంట్లోకి దిగిపోయింది. అయినా వెళ్ళి చూసొచ్చేది. పైవాళ్ళు చెప్పింది చెయ్యడమే కదా ఉద్యోగమంటే.

ఆవిడ స్టూలు ఎనిమిదో తరగతి గది తలుపు పక్కన ఉండేది. ఆ గదిలో ఇంగ్లీషు చెప్పేది రివిజన్ మాస్టారు. మంచివాడే పాపం, ఎవరి జోలికీ పోడు, పాఠం జోలికి కూడా పోడు. బడి తెరిచిన మొదటిరోజే గదిలోకి వచ్చి, "పిల్లలూ, మనం రివిజన్ చేసుకుందాం" అంటాడు. చెప్పని పాఠాన్ని రివిజన్ ఎలా చేస్తారండీ అని మీకు అనుమానం రావచ్చు. ఆ బడిలో ఎవరికీ రాలేదు. సోమ, మంగళవారాలు మాటలూ అర్థాలూ. బుధ, గురువారాలు గ్రామరు. శుక్రవారం సాహిత్యం, అంటే కథలూ పద్యాలూ. అన్నింటికీ కలిపి ఆయన చేతిలో ఒకటే గైడు, అట్ట ఊడిపోతే దారంతో కట్టుకున్నది. ప్రశ్న చదువుతాడు, జవాబు చదువుతాడు, "ఇది ఇంపార్టెంటు, టిక్కు పెట్టుకోండి" అంటాడు. పిల్లలు టిక్కు పెట్టుకుంటారు. ఏడాది చివరికి చూస్తే పుస్తకంలో టిక్కు లేని లైను ఉండదు.

సాయంత్రం బోర్డు తుడిచే పని గంటమ్మది. తుడిచేముందు బోర్డు మీదున్న మాటలన్నీ ఖాళీ సుద్దపెట్టె మూత మీదకి ఎక్కించుకునేది. ఎందుకమ్మా అంటే ఎందుకూ లేదు, ఎవరో కష్టపడి రాసిందాన్ని చూడకుండా తుడిచెయ్యడానికి మనసొప్పేది కాదు, అంతే. అయిదో తరగతిలో ఉండగా బడి మానిపించి తమ్ముణ్ణి ఎత్తుకోమన్నారు ఆవిడ ఇంట్లో. ఆ కసి లోపలెక్కడో ఉండే ఉంటుంది. మంచం కింద సుద్దపెట్టె మూతలు పేరుకుపోయాయి. దీనికితోడు లైబ్రరీ అని బోర్డు తగిలించిన బీరువా తాళం కూడా ఆవిడ దగ్గరే ఉండేది. ఏడాదికోసారి పుస్తకాలు ఎండబెట్టి చెదలు దులపాలి. దులపడానికి తీసిన పుస్తకం తెరిచింది, తెరిచింది చదివింది, చదివింది సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది. మొదట్లో డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు అరపేజీ. పదేళ్ళయ్యేసరికి ఆ బీరువాలో ఇంగ్లీషు పుస్తకాలన్నీ అయిపోగొట్టింది, నచ్చినవి రెండేసిసార్లు. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆ బీరువా ఛాయలకు ఇంకెవరూ వచ్చేవారు కాదు. కనిపెట్టింది ఒక్క కూతురే.

అలా సాగిపోతున్న బతుకులోకి పైఆఫీసు నుంచి ఒక కాగితం ఊడిపడింది. టెంపరరీ అటెండర్లందరూ ఎనిమిదో తరగతి పాసైన సర్టిఫికెట్ చూపించాలి. చూపించినవాళ్ళు పర్మనెంటు, చూపించలేనివాళ్ళు ఇంటికి. లేనివాళ్ళ కోసం ప్రైవేటుగా పరీక్ష పెడతారు, అవకాశాలు రెండే రెండు. ఆ సర్క్యులర్‌ని తరగతి తరగతికీ తిప్పి, చదివినట్టు పంతుళ్ళ చేత సంతకాలు పెట్టించుకొచ్చింది కూడా గంటమ్మే. తన మెడ మీద కత్తిని తనే ఊరేగించిందన్నమాట. మొగుడికి లారీ మీద పని, నెలలో సగం రోజులు లారీ ఉంటుంది, సగం రోజులు ఉండదు. గంటమ్మ ఉద్యోగం ఊడితే ఆ ఇంట్లో కూతురి చదువూ ఊడుతుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు కానీ ముగ్గురికీ తెలుసు.

మొదటి అవకాశంలో గంటమ్మ అన్నీ పాసై ఇంగ్లీషులో తప్పింది. ఆ, మీరు విన్నది నిజమే, ఇంగ్లీషులోనే! ఆ పేపరు మూడు భాగాలు. మాటలు, గ్రామరు, సాహిత్యం. ఒక్కోదాంట్లో విడివిడిగా మార్కులు రావాలి. మొదటి రెండిట్లో ఆవిడకు ఒక్క మార్కు కూడా పోలేదు. సాహిత్యంలో ముప్ఫైకి పది రావాల్సి ఉండగా ఆరు వచ్చాయి. ముంచింది పడవవాడి పాఠం.

ఆ పాఠం గురించి కాస్త చెప్పాలి. ఒక పడవవాడు నలభై ఏళ్ళు ఏటి మీద జనాన్ని దాటించాడు. ఏటికి వంతెన కట్టారు. వంతెన తెరిచే రోజు వచ్చింది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ప్రతి ఏడూ గంటమ్మ లేవాల్సిన టైమయ్యేది. ముగింపు ఎన్నడూ వినలేదు. వినకపోతే ఊరుకుంటుందా, గడియారం దాకా నడుస్తూ తనే కట్టుకుంది. ఆ రోజు పడవవాడు ఎవరితోనూ మాట్లాడడు. జనమంతా పైన వంతెన మీద ఉంటే ఒక్కడే కిందనుంచి పడవ వేసుకుని ఆ ఒడ్డుకు పోయి, ఈ ఒడ్డుకు వచ్చి, పడవ కట్టేసి ఇంటికి పోతాడు. ఏళ్ళ తరబడి అదే అసలు కథనుకుంది. కూతురు ఎనిమిదికి వచ్చి పుస్తకం ఇంటికి తెచ్చాక చూస్తే, పడవవాడు అందరికంటే ముందు వంతెన మీద నడిచి ఎంతో సంతోషించాడని ఉంది. గంటమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"పని పోయినవాడు సంతోషిస్తాడా? ఇది రాసినాయన ఎప్పుడైనా ఒక పని చేశాడా అసలు?" అంది.

పరీక్షలో అదే వచ్చింది. వంతెన తెరిచిన రోజు పడవవాడికి ఏమనిపించింది, పది మార్కులు. గంటమ్మ పుస్తకం తప్పు దిద్ది, తన ముగింపు రాసొచ్చింది. దిద్దినవాళ్ళకు గైడులో ఉన్న జవాబు అందులో కనబడలేదు, సున్నా చుట్టారు.

కూతురు తలబాదుకుంది. "నీ ముగింపు ఎవడడిగాడమ్మా? పుస్తకంలో ఏముందో అది అడిగారు."

"పుస్తకంలో ఉన్నది తప్పే."

"తప్పైతే తప్పు, పది మార్కులు! నీకు న్యాయం కావాలా, ఉద్యోగం కావాలా?"

పదమూడేళ్ళ పిల్ల నోట ఆ మాట వినేసరికి గంటమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉద్యోగమే కావాలంది. ఆ రోజు నుంచి తెల్లవారుజామున అమ్మ బల్ల ముందు, కూతురు కుర్చీలో. ఆ పిల్ల రివిజన్ మాస్టారులా కాదు, చండశాసనురాలు. గైడులో ఏముందో అది అక్షరం పొల్లుపోకుండా అప్పచెప్పాలి. సొంత మాట ఒక్కటి దొర్లినా మళ్ళీ మొదటి నుంచి. "మొక్కై వంగనిది మానై వంగుతుందా" అని పెద్ద ముత్తైదువలా నిట్టూర్చేది కూడా. గంటమ్మ గదులు ఊడుస్తూ, సుద్దపెట్టెలు పంచుతూ, బిందెలు నింపుతూ ఒకటే జపం. పడవవాడు ఎంతో సంతోషించెను. పడవవాడు ఎంతో సంతోషించెను.

రెండో పరీక్ష, అదే ఆఖరిది, సొంత బడిలోనే పడింది. ఇక్కడ వచ్చింది చిక్కు. పరీక్ష రాసేది గంటమ్మ అయితే గంట కొట్టేదెవరు? పెద్దమేడం ఎంతో ఆలోచించి ఆ పని రివిజన్ మాస్టారికి అప్పగించింది. ఇంగ్లీషు పరీక్ష రోజున ఇంగ్లీషు మాస్టారికి హాల్లో డ్యూటీ వెయ్యకూడదు కాబట్టి ఆయన ఖాళీ. "ఏముంది మేడం, నేనే కొట్టేస్తాను" అన్నాడాయన. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పీరియడ్ ఎప్పుడైపోతుందో ఆయనకు తెలుసుకునే అవసరమే రాలేదు. గంటమ్మ కొడితే ఆపేవాడు, లేకపోతే ఆ రివిజన్ ఇంకా సాగుతూనే ఉండేది.

పది నుంచి పన్నెండింటి దాకా పరీక్ష. కాపీలు జరుగుతున్నాయని ఆ ఏడు హాల్లో ఎవరి దగ్గరా వాచీ గానీ ఫోను గానీ ఉండకూడదన్నారు, కాపలా ఉన్నవాళ్ళ దగ్గర కూడా. అంతా గంట మీదే నడవాలి. పన్నెండుకు ఐదు నిమిషాల ముందు ఒకటి, పన్నెండుకు ఒకటి. గంటమ్మకు ఎనిమిదో తరగతి గదే పడింది, తలుపు పక్క బెంచీ. గదిలో మిగిలిన నలభైమందీ ప్రైవేటుగా కట్టిన పిల్లలు. పక్క బడి నుంచి వచ్చిన లెక్కల టీచరమ్మ కాపలా.

మాటలు నీళ్ళు తాగినట్టు అయిపోయాయి. గ్రామరు అయిపోయింది. సాహిత్యంలో చిన్న ప్రశ్నలు కూడా గైడు మాటల్లోనే సగం మటుకు రాసేసింది, మిగతా చోట్ల చెయ్యి ఊరుకోక సొంత మాట పెట్టేసిందనుకోండి. ఆఖర్న మళ్ళీ పడవవాడే కూర్చుని ఉన్నాడు. పది మార్కులు. రాయాల్సింది కంఠతా వచ్చు. కానీ పెన్ను కదలదే! ఆ మొహం కళ్ళ ముందు పెట్టుకుని సంతోషించాడని ఎలా రాయడం? కూతుర్ని తలుచుకుంది. మొగుడి లారీని తలుచుకుంది. సరేలే, సంతోషించి చావు, అని పెన్ను కాగితం మీద ఆనించింది.

సరిగ్గా అప్పుడు ఒంట్లో ఐదు నిమిషాల టైమయింది.

గంట మోగలేదు. గంటమ్మ తలెత్తి తలుపులోంచి చూసింది. వరండాలో తన స్టూలు మీద రివిజన్ మాస్టారు, ఒళ్ళో బోల్టు, గోడకు చేరగిలి, నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. హాలంతా తలలు వంచుకుని రాస్తోంది. టైము ఎంతయిందో ఆ గదిలో గంటమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఇక్కడ మీరో సంగతి గమనించాలి. ఆవిడ నోరు మూసుకుని కూర్చుంటే చాలు. మాస్టారు లేచేదాకా టైము ఆవిడ సొంతం. పడవవాడి చేత సంతోషమే కాదు, డాన్సు కూడా చేయించవచ్చు.

మరి ఎందుకు లేచింది? తర్వాత పెద్దమేడం అడిగితే, పిల్లల గురించి చెప్పింది. ప్రతి పరీక్షలో నలుగురైదుగురు ఉంటారట, ఐదు నిమిషాల గంట వింటే గానీ కాగితం మీద నంబరు వెయ్యరు, విడి కాగితాలు దారంతో కట్టరు. అప్పుడు కూడా ముందు బెంచీలో ఒక పిల్ల కాగితాలు చెల్లాచెదురుగా పడున్నాయట. అదంతా నిజమే. అయితే కూతురితో మాత్రం వేరే మాట చెప్పింది. "త్యాగమా నా మొహమా! కాళ్ళు లేచాయే. లేచాక చూసుకుంటే వరండాలో ఉన్నాను."

బోల్టు మాస్టారి ఒళ్ళోంచి తీసుకుని టంగున ఒక్కటి కొట్టింది. హాలంతా హాహాకారాలు, కాగితాల చప్పుడు. మాస్టారు ఉలిక్కిపడి లేచాడు.

"మాస్టారూ, ఇప్పుడు కొట్టింది వార్నింగు. ఇంకో ఐదు నిమిషాలకి గడియారం చూసుకుని మీరు కొట్టండి. ఈ లోపల కూర్చోకండి, నిలబడే ఉండండి," అని చెప్పి వెనక్కి తిరిగింది. గుమ్మంలో లెక్కల టీచరమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"బయటికెళ్ళినవాళ్ళని మళ్ళీ లోపలికి రానివ్వనమ్మా. రూలు."

పందొమ్మిదేళ్ళుగా ఆ గుమ్మంలో నిలబడి ఎందరు పిల్లలు బతిమాలినా ఆ మాట అన్నది గంటమ్మే. ఆ చివరి ఐదు నిమిషాలూ వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది. సరిగ్గా పన్నెండింటి గంట మోగుతుండగా గేట్లోంచి పైఆఫీసు వాళ్ళ జీపు వచ్చింది. అందులోంచి తనిఖీ అధికారి దిగి, చేతి వాచీ చూసుకుని, బోల్టు పట్టుకుని నిలబడ్డ రివిజన్ మాస్టార్ని చూసి, "భేష్! సెకను తేడా లేదు," అన్నాడు. పదిహేను రోజుల తర్వాత సమయపాలనలో ఆదర్శం అని మాస్టారికి సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము కట్టించాడు.

అదే వారం గంటమ్మకూ రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది మార్కుల కాగితం. మాటలు, గ్రామరు పూర్తి మార్కులు. సాహిత్యం ముప్ఫైకి ఎనిమిది. ఫెయిలు. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు రెండోది మెమో. లెక్కల టీచరమ్మ తన కంటపడినంతవరకూ ఉన్నదున్నట్టు రిపోర్టు రాసి పంపింది మరి. అభ్యర్థి అయి ఉండి హాలు వదిలి గంట కొట్టి పరీక్ష నిర్వహణలో జోక్యం చేసుకున్నందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో ఇంగ్లీషులో వివరణ ఇవ్వవలెను. వేళకు గంట కొట్టని ఆయనకు సర్టిఫికెట్టు, కొట్టిన ఆవిడకు మెమో. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డమంటే ఇదే.

పెద్దమేడం భయస్తురాలు. పైఆఫీసు పేరు వింటేనే చేతులు చల్లబడతాయి. "మాస్టారి చేత రాయించుకో గంటమ్మా, నీవల్ల ఎక్కడవుతుంది," అంది. మాస్టారికి ఆ మూడు రోజులూ మెడ పట్టేసింది. ఆ నిద్ర సంగతి ఎక్కడ బయటపడుతుందోనని భయం కూడా పట్టేసిందనుకోండి. గంటమ్మ ఆయన కోసం చూడలేదు. మధ్యాహ్నం తిండి వేళ బీరువా పక్కన కూర్చుని, ఒక పేజీ ఇంగ్లీషు రాసి పెద్దమేడం బల్ల మీద పెట్టింది.

అందులో ఏముందంటే: గంట నా పని. ఆ రోజు గంటను వేరొకరికి అప్పగించారు గానీ టైమును నా ఒంట్లోంచి తీయలేకపోయారు. నేను కూర్చుండిపోతే నా జవాబు పూర్తయ్యేది. కొందరు పిల్లలు ఆ గంట విన్నాకనే తమ నంబరు వేస్తారు, వాళ్ళను నేనెరుగుదును. లేచినందుకు నేను క్షమాపణ చెప్పను. జవాబు వదిలేసి వచ్చినందుకు మాత్రం ఇప్పటికీ బాధగా ఉంది. ఇదీ దాని సారం. ఆవిడ ఇంగ్లీషులో ఇది ఇంతకంటే బాగుంది, నాకు తెలుగులో అంత బాగా చెప్పడం చేతకావడం లేదు. మాస్టారు నిద్రపోయిన ముచ్చట అందులో ఎక్కడా లేదు.

పెద్దమేడం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, సంతకం పెట్టి పంపింది.

వారం తిరక్కుండానే జీపు మళ్ళీ వచ్చింది. తనిఖీ అధికారి పెద్దమేడం గదిలో కూర్చుని ఆ కాగితం బల్ల మీద పరిచాడు. గంటమ్మనీ, రివిజన్ మాస్టార్నీ పిలిపించాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనేనండి," అంది గంటమ్మ.

"చూడమ్మా, నాకు నీ మీద కోపం లేదు. కానీ ఇంగ్లీషు ఫెయిలైనవాళ్ళు ఇలా రాయలేరు. ఆఫీసులో నలుగురం చదివాం. ఇందులో రెండు మాటలకి మా సూపరింటెండెంటు డిక్షనరీ చూడాల్సి వచ్చింది. మెమోకి వేరేవాళ్ళ చేత జవాబు రాయించడం ఇంకో తప్పు. రాసినవాళ్ళ పేరు చెప్పు, సరిపోతుంది."

"కాగితం ఇవ్వండి సార్. మీ ఎదురుగానే ఇంకోటి రాస్తాను."

"అలా రాయించుకోడానికి రూలు లేదమ్మా. నీకు ఇంగ్లీషు వచ్చో రాదో తేల్చడానికి ప్రభుత్వం పెట్టింది పరీక్ష. అందులో రాదని తేలింది."

అధికారి మాస్టారి వైపు తిరిగాడు. "మాస్టారూ, ఈ బడిలో ఇంగ్లీషు మీరే కదా. మీరు రాసిచ్చారా?"

మాస్టారు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. అవునంటే చిన్న మందలింపుతో పోతుంది, పైగా అంత ఇంగ్లీషు రాసినవాడన్న పేరు ఊరికే వచ్చి ఒళ్ళో పడుతుంది. ఆయన బల్ల మీదకి వంగి కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. గైడు లేకుండా ఒక ఇంగ్లీషు పేజీని ఆయన పూర్తిగా చదవడం గంటమ్మ అదే చూడటం. చదివాక ఆయన మొహం చిన్నబోయింది. తన పేరు అందులో లేకపోవడం కూడా చూసినట్టున్నాడు.

"నాకంత ఇంగ్లీషు రాదు సార్," అన్నాడు.

గంటమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. పందొమ్మిదేళ్ళుగా ఆయన చెప్పినవన్నీ విన్నది గానీ, ఆయన నోట గైడులో లేని మాట వినడం ఇదే మొదటిసారి.

అధికారి చిరునవ్వు నవ్వాడు. "చూశారా మేడం, పెద్దవాళ్ళ వినయం! ఆదర్శం సర్టిఫికెట్ ఊరికే ఇస్తామా మేము!"

మనిషి చెడ్డవాడు కాదు. వెళ్ళేముందు గంటమ్మను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. దయతో మూడో అవకాశం ఇచ్చే వీలు ఒకటుంది. అభ్యర్థి స్వయంగా, సొంత దస్తూరీతో, తనకు ఇంగ్లీషు సరిగా రాదని ఒప్పుకుంటూ ఇంగ్లీషులో దరఖాస్తు పెట్టుకోవాలి. దాంతో ఈ మెమో కూడా మూసేస్తాడు. "కాకపోతే అమ్మా, ఈసారి నీ స్థాయిలో రాయి. ఇలా రాస్తే మాత్రం నేనేమీ చెయ్యలేను."

ఆదివారం పొద్దున్నే అమ్మా కూతుళ్ళు బల్ల ముందు కూర్చున్నారు. గంటమ్మ రాసింది. కూతురు చదివి పెదవి విరిచింది.

"బాగుందమ్మా. అదే గొడవ. తప్పులు పెట్టు."

గంటమ్మ ఒక మాట తప్పు రాసింది. తెలియకుండానే కొట్టేసి సరిగ్గా రాసింది. ఇంకోచోట పెట్టబోయింది, చెయ్యి రాలేదు. గంటసేపు తంటాలుపడి చూస్తే కాగితం నిండా కొట్టివేతలే ఉన్నాయి గానీ తప్పు ఒక్కటీ మిగల్లేదు.

"ఒక్క దరఖాస్తు చెడగొట్టడం చేతకాదా నీకు? నా బడి పోతుందమ్మా!" అని కూతురు ఏడుపు గొంతుతో అరిచింది. అంతవరకూ ఎవరూ అనని మాట అది. గంటమ్మ పెన్ను మూతపెట్టి లేచి, తిన్నగా రివిజన్ మాస్టారి ఇంటికి వెళ్ళింది.

ముందు గదిలో గోడకు సర్టిఫికెట్ తగిలించిన మేకు మాత్రమే ఉంది. ఫ్రేము కనబడలేదు.

"మాస్టారూ, దరఖాస్తు ఒకటి రాసిపెట్టాలండి. చూసి నేను ఎత్తి రాసుకుంటాను. మీ చెయ్యి పడితే కలిసొస్తుందని," అంది, ఆయన మొహంలోకి చూడకుండా.

"ఎందుకడుగుతున్నావో నాకు తెలుసులేమ్మా," అన్నాడు మాస్టారు. నిష్ఠూరంగా అనలేదు. కళ్ళజోడు పెట్టుకుని, గైడు ముట్టుకోకుండా, సొంతంగా పదిహేను లైన్లు రాశాడు. మధ్యలో ఆగి ఆలోచించాడు, ఒకటి రెండు మాటలకి పెదవులు కదిపి చూసుకున్నాడు. తనకు చేతనైనంత బాగా రాశాడని గంటమ్మకు తెలుస్తూనే ఉంది. కాగితం చేతికిస్తూ, "నా ఇంగ్లీషు ఒకరికి ఉపయోగపడటం ఇదే మొదలు," అన్నాడు. గంటమ్మ దండం పెట్టి వచ్చేసింది.

ఇంటికొచ్చి ఆ పదిహేను లైన్లూ తన గుండ్రటి దస్తూరీతో ఎత్తి రాసింది. నాలుగో లైను దగ్గర చెయ్యి ఆగింది. కూతురు భుజం మీంచి చూస్తూ, "వద్దమ్మా, దిద్దకు," అంది. దిద్దలేదు. తొమ్మిదో లైను దగ్గర దిద్దలేదు, పన్నెండో లైను దగ్గరా దిద్దలేదు. కింద సంతకం పెట్టి కవరులో పెట్టి అంటించింది.

పది రోజుల్లో ఆర్డరు వచ్చింది. పెద్దమేడం ఆనందం పట్టలేక గంటమ్మను గదిలోకి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది, పందొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేనిది. "నువ్వే చదువు, నువ్వే చదువు," అని కాగితం చేతిలో పెట్టింది. మెమో రద్దు. మూడో అవకాశం మంజూరు. అంతవరకు ఉద్యోగంలో కొనసాగవచ్చు. గంటమ్మ ఊపిరి పీల్చుకుని, కూతురికి ఎంత త్వరగా చెబుదామా అని లేవబోతుంటే, కింద తనిఖీ అధికారి తన చేత్తో రాసిన రెండు లైన్లు కనబడ్డాయి. కూర్చుని అవీ చదివింది.

దరఖాస్తును క్షుణ్ణంగా పరిశీలించితిని. ఇది అభ్యర్థి స్వయంగా రాసినదేనని అందులోని భాషను బట్టి నిస్సందేహంగా రుజువగుచున్నది.